వాట్సాప్‌లో ‘పోలీస్’ కాల్ వచ్చిందా..? భయపడొద్దు.. ముందు కట్ చేయండి! ఇంటర్నెట్ స్కామ్ కాల్స్‌పై పూర్తి వివరాలు

తెలియని నంబర్ నుంచి వాట్సాప్ కాల్. డీపీలో ఖాకీ యూనిఫాం. ఎత్తగానే ‘మీ అబ్బాయి డ్రగ్స్ కేసులో దొరికాడు’ అంటూ గద్దింపు. లేదంటే ‘మీ పేరు మీద వచ్చిన పార్శిల్‌లో మత్తు పదార్థాలు ఉన్నాయి’ అంటూ బెదిరింపు. మాటలు మొదలైన గంటలోనే రిటైర్మెంట్ డబ్బులు, పిల్లల పెళ్లికి దాచిన డబ్బులు ఖాతా నుంచి ఖాళీ అయిపోతున్నాయి.

కేంద్రం పార్లమెంటుకు ఇచ్చిన లెక్కల ప్రకారం 2024లో సైబర్ మోసాల్లో దేశ ప్రజలు పోగొట్టుకున్నది రూ.22,845 కోట్లు. అదే ఏడాది డిజిటల్ అరెస్ట్, దానికి సంబంధించిన మోసాలపైనే 1,23,672 ఫిర్యాదులు వచ్చాయి. వాటిలో పోయిన మొత్తం రూ.1,935 కోట్లు. అసలు ఈ కాల్స్ ఎలా వస్తున్నాయి? వచ్చినప్పుడు ఏం చేయాలి? డబ్బులు పోతే ఎవరికి చెప్పాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఇంటర్నెట్ కాల్‌కు, మామూలు కాల్‌కు తేడా ఏంటి?

మామూలు కాల్ సిమ్ నుంచి టవర్‌కు, అక్కడి నుంచి టెలికాం కంపెనీ నెట్‌వర్క్ ద్వారా మీకు చేరుతుంది. ఆ సిమ్ ఎవరి పేరు మీద ఉంది, ఏ టవర్ పరిధి నుంచి మాట్లాడారు అనే రికార్డు కంపెనీ దగ్గర ఉంటుంది.

వాట్సాప్, టెలిగ్రామ్ లాంటి యాప్‌లలో మాట డేటాగా మారి ఇంటర్నెట్‌లో వెళ్తుంది. ఇక్కడ మొబైల్ నంబర్‌తో పని ప్రధానంగా ఒక్కసారే. ఖాతా తెరిచేటప్పుడు ఓటీపీ కోసం. ఆ తర్వాత సిమ్ తీసి పక్కన పడేసినా ఖాతా పనిచేస్తూనే ఉంటుంది. అంటే స్క్రీన్ మీద +91తో మొదలయ్యే నంబర్ కనిపించినా, మాట్లాడేవాడు విదేశంలో కూర్చుని ఉండొచ్చు. ఈ లొసుగును మూసేందుకే, యాప్ ఖాతాకు వాడిన సిమ్ ఫోన్‌లో ఉంటేనే యాప్ పనిచేసేలా చూడాలని కేంద్ర టెలికాం శాఖ 2025 నవంబర్ 28న మెసేజింగ్ కంపెనీలను ఆదేశించింది.

స్క్రీన్ మీద కనిపించే నంబర్‌ను ఎందుకు నమ్మకూడదు?

నంబర్‌ను అడ్డం పెట్టుకుని మోసం చేసే దారులు ప్రధానంగా మూడు.

ఒకటి, అద్దె సిమ్‌లు. అమాయకుల పేరు మీద తీసిన సిమ్‌లతో వాట్సాప్ ఖాతాలు తెరిచి ముఠాలకు అమ్మేస్తారు. పోలీసులు నంబర్ పట్టుకుని వెళ్తే దొరికేది ఏ కూలీయో, విద్యార్థో. అసలువాడు కాదు.

రెండోది, స్పూఫింగ్. విదేశం నుంచి ఇంటర్నెట్ ద్వారా కాల్ చేస్తూ, మీ స్క్రీన్ మీద మాత్రం మన దేశపు నంబర్ పడేలా మార్చేస్తారు. దీన్ని అడ్డుకునే వ్యవస్థను టెలికాం శాఖ 2024 అక్టోబర్ 22న ప్రారంభించింది. మొదటి 24 గంటల్లోనే 1.35 కోట్ల కాల్స్ నకిలీవని తేలాయి. ఆ రోజు విదేశాల నుంచి వచ్చిన కాల్స్‌లో అవి దాదాపు 90 శాతం!

మూడోది, సిమ్ బాక్స్. పదుల సంఖ్యలో సిమ్‌లు పెట్టే చిన్న యంత్రం ఇది. విదేశం నుంచి ఇంటర్నెట్‌లో వచ్చిన కాల్‌ను ఏదో ఊళ్లోని అద్దె గదిలో ఉన్న ఈ బాక్స్ లోకల్ కాల్‌గా మార్చేస్తుంది. మీకు పక్క వీధి నుంచి చేసినట్టే కనిపిస్తుంది.

అందుకే నంబర్, డీపీ, పేరు.. ఈ మూడింటిలో ఏదీ అవతలి మనిషికి గుర్తింపు కార్డు కాదు. వీడియోలో కనిపించే యూనిఫాం, వెనకాల ఉన్న పోలీస్ స్టేషన్ సెట్ కూడా అంతే.

తెలుగులో మాట్లాడితే మనవాళ్లేనా?

అలా అనుకోవడానికి లేదు. కంబోడియా, మయన్మార్, లావోస్‌లలో పెద్ద పెద్ద భవనాల్లో ఈ మోసాల కేంద్రాలు నడుస్తున్నాయి. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన యువకులను తీసుకెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని, సొంత దేశం వాళ్లకే కాల్స్ చేయిస్తున్నారు. ఇలా కంబోడియాకు మనుషులను పంపిన ఏజెంట్లను 2024 మేలో విశాఖ పోలీసులు అరెస్టు చేయడంతో ఏపీ యువకులు చాలామంది అక్కడ చిక్కుకున్నట్టు బయటపడింది. కాబట్టి కాల్‌లో వినిపించేది అచ్చ తెలుగే అయినా జాగ్రత్త పడాల్సిందే.

ఎక్కువగా వస్తున్న కాల్స్ ఇవే

* పార్శిల్, డిజిటల్ అరెస్ట్: కొరియర్ కంపెనీ నుంచి అంటూ మొదలై, ‘పోలీసులకు కలుపుతున్నాం’ అని వీడియో కాల్‌లోకి లాగుతారు. సీబీఐ, ఈడీ, ఆర్బీఐ పేర్లతో నకిలీ లెటర్లు పంపిస్తారు. ‘విచారణ అయ్యేదాకా డబ్బు మా ఖాతాలో పెట్టండి, తర్వాత తిరిగి ఇస్తాం’ అంటారు. గతంలో ఇది ఎక్కువగా స్కైప్‌లో జరిగేది. 2025 మే 5న స్కైప్ మూతపడింది, మోసం మాత్రం ఆగలేదు.

* మీ నంబర్ కట్ అవుతుంది: ‘ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నాం, రెండు గంటల్లో మీ సిమ్ ఆగిపోతుంది, 9 నొక్కండి’ అనే రికార్డెడ్ వాయిస్. ట్రాయ్ ఎవరి నంబర్‌నూ కట్ చేయదు, అలాంటి కాల్స్ కూడా చేయదు.

* మీ అబ్బాయి దొరికాడు: హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లల తల్లిదండ్రులే టార్గెట్. వెనకాల ఎవరో ఏడుస్తున్న శబ్దం వినిపిస్తుంది. ఏఐతో గొంతును కూడా అనుకరిస్తున్నారు. +92 లాంటి విదేశీ నంబర్ల నుంచి ప్రభుత్వ అధికారుల్లా వాట్సాప్ కాల్స్ వస్తున్నాయని టెలికాం శాఖ 2024 మార్చి 29నే హెచ్చరించింది.

* కేవైసీ, చలానా, పథకాల పేరుతో: ‘ఫైల్ పంపాం, ఇన్‌స్టాల్ చేసుకోండి’ అంటారు. అది ఏపీకే ఫైల్. ఎక్కించుకుంటే మీకు వచ్చే మెసేజ్‌లు, ఓటీపీలు వాళ్లకు కనిపిస్తాయి.

* స్క్రీన్ షేర్ చేయండి: వాట్సాప్ వీడియో కాల్‌లోనే స్క్రీన్ షేర్ ఆప్షన్ ఉంది. అది ఆన్ చేశారంటే మీ ఫోన్‌లో వచ్చే ప్రతి ఓటీపీని వాళ్లు చదివేస్తారు.

* కాల్ మెర్జ్, కాల్ ఫార్వర్డ్: ‘మీ ఫ్రెండ్ ఇంకో నంబర్ నుంచి చేస్తున్నాడు, మెర్జ్ చేయండి’ అంటారు. ఆ రెండో కాల్ నిజానికి బ్యాంక్ ఓటీపీ చెప్పే ఆటోమేటిక్ కాల్. మెర్జ్ చేయగానే ఓటీపీ వాళ్ల చెవిన పడుతుంది. ఇంకొందరు స్టార్, హ్యాష్‌లతో ఏదో కోడ్ డయల్ చేయమంటారు. అలా చేస్తే మీ కాల్స్ వాళ్ల నంబర్‌కు మళ్లిపోతాయి.

* న్యూడ్ వీడియో కాల్: తెలియని నంబర్ నుంచి వీడియో కాల్. ఎత్తగానే అసభ్య దృశ్యం, దాని పక్కన మీ ముఖం. రికార్డ్ చేసి బ్లాక్‌మెయిల్ మొదలుపెడతారు. ఒక్కసారి డబ్బు ఇస్తే అడగడం ఆపరు.

అన్నింటిలో కామన్ పాయింట్ ఒక్కటే

కథ ఏదైనా, మోసగాడు చెప్పే రెండు మాటలు మాత్రం మారవు. ‘కాల్ కట్ చేయొద్దు’, ‘ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు’. ఎందుకంటే అతని ఆట సాగేది లైన్ కలిసి ఉన్నంత సేపే. మీరు ఫోన్ పెట్టేసి పక్కింటాయనకో, కూతురికో విషయం చెప్పారంటే ఆ కథ రెండు నిమిషాలు కూడా నిలబడదు. ఆ సంగతి వాళ్లకు బాగా తెలుసు. అందుకే గంటల తరబడి, కొన్నిసార్లు రోజుల తరబడి వీడియో కాల్‌లోనే ఉంచుతారు. నిద్రపోయేటప్పుడు కూడా కెమెరా ఆన్‌లో పెట్టమంటారు.

చదువుకున్నవాళ్లు, పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరైన వాళ్లు కూడా ఇందులో పడిపోతున్నారు. తెలివి లేక కాదు. భయంలో ఉన్న మనిషిని ఒంటరిని చేస్తే ఆలోచించే టైమ్ దొరకదు. కాబట్టి కాల్ కట్ చేయడం మర్యాద తప్పడమో, చట్టాన్ని ధిక్కరించడమో కాదు. అదే మొదటి రక్షణ.

చట్టం ఏం చెప్తోంది?

డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం అరెస్టు చేసే పోలీసు తన పేరు స్పష్టంగా కనిపించేలా ఉండాలి. అరెస్ట్ మెమో రాయాలి. దాని మీద కనీసం ఒక సాక్షి సంతకం, అరెస్టయిన వ్యక్తి సంతకం ఉండాలి. 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. ఇవేవీ వీడియో కాల్‌లో అయ్యే పనులు కావు.

విచారణకు రమ్మని ఆ చట్టంలోని సెక్షన్ 35 కింద పోలీసులు ఇచ్చే నోటీసులు కూడా వాట్సాప్‌లో పంపితే చెల్లవని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. డిజిటల్ అరెస్ట్ మోసాలను సుమోటోగా తీసుకున్న సుప్రీంకోర్టు, 2025 డిసెంబర్ 1న ఈ కేసుల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.

ఇక నేరం చేసేవాళ్ల సంగతి. 2023 టెలికాం చట్టం ప్రకారం నంబర్ లాంటి టెలికాం గుర్తింపులను మార్చినా, మోసంతో సిమ్ తీసుకున్నా మూడేళ్ల దాకా జైలు, రూ.50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. మీ సిమ్‌నో, బ్యాంకు ఖాతానో కమీషన్ కోసం ఎవరికైనా ఇచ్చినా కేసులో ఇరుక్కుంటారు. కాలేజీ కుర్రాళ్లు దీన్ని గమనించాలి.

కాల్ వస్తే ఏం చేయాలి?

1. కట్ చేసేయండి. వాదించొద్దు, తిట్టొద్దు, మీ పేరు కూడా కన్ఫర్మ్ చేయొద్దు.

2. మీరే తిరిగి కాల్ చేయండి. అయితే వచ్చిన నంబర్‌కు కాదు. బ్యాంకు అంటే మీ ఏటీఎం కార్డు వెనక ఉన్న నంబర్‌కు, పోలీసులంటే మీ దగ్గరి స్టేషన్‌కు లేదా 112కు. ‘మీ అబ్బాయి’ అంటే నేరుగా అబ్బాయికి. తీయకపోతే హాస్టల్ వార్డెన్‌కు, రూమ్‌మేట్‌కు.

3. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. పరువు పోతుందని దాచుకుంటే మోసగాడికే లాభం.

4. స్క్రీన్‌షాట్లు తీసుకోండి. నంబర్, డీపీ, టైమ్, వాళ్లు పంపిన లెటర్లు అన్నీ. చాట్ డిలీట్ చేయొద్దు.

5. ఆ తర్వాతే రిపోర్ట్, బ్లాక్. ముందే బ్లాక్ చేసి చాట్ తీసేస్తే ఆధారాలు పోతాయి.

బ్యాంకుల విషయంలో ఇంకో గుర్తు ఉంది. ఖాతాదారులకు సేవల కోసం చేసే కాల్స్ 1600తో మొదలయ్యే నంబర్ల నుంచి, ప్రచారం కోసం చేసేవి 140తో మొదలయ్యే నంబర్ల నుంచి మాత్రమే చేయాలని ఆర్బీఐ 2025 జనవరిలో బ్యాంకులను ఆదేశించింది. ఎక్కడి నుంచి చేసినా ఓటీపీ, పిన్ అడిగితే మాత్రం మోసమే.

ఫోన్‌లో ఇప్పుడే మార్చుకోవాల్సిన సెట్టింగ్స్

వాట్సాప్: సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో కాల్స్, అందులో ‘సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్’ ఆన్ చేయండి. 2023 జూన్ నుంచి ఈ ఆప్షన్ ఉంది. తెలియని నంబర్ల నుంచి కాల్ వస్తే మోగదు. కాల్స్ లిస్టులో మాత్రం కనిపిస్తుంది కాబట్టి అవసరమైంది ఏదీ మిస్ కాదు.

మన దగ్గర దీనికో ముఖ్యమైన విషయం ఉంది. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ ఇళ్లకు దుబాయ్, సౌదీ నుంచి, కడప, గోదావరి జిల్లాల ఇళ్లకు కువైట్ నుంచి, ఇక ఏ ఊరికైనా అమెరికా నుంచి వాట్సాప్ కాల్స్ రావడం రోజూ ఉండేదే. అందుకే +1, +971, +965 చూస్తే చాలామంది ఆలోచించకుండా ఎత్తేస్తారు. విదేశాల్లో ఉన్నవాళ్ల నంబర్లతో పాటు వాళ్ల రూమ్‌మేట్, కంపెనీ నంబర్లు కూడా పేరు పెట్టి సేవ్ చేసుకుంటే, ఈ సెట్టింగ్ ఆన్‌లో ఉన్నా వాళ్ల కాల్స్ మామూలుగానే మోగుతాయి.

టెలిగ్రామ్: ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో కాల్స్ దగ్గర ‘మై కాంటాక్ట్స్’ పెట్టుకోండి.

టూ స్టెప్ వెరిఫికేషన్: వాట్సాప్‌లో అకౌంట్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. ఆరంకెల పిన్ పెట్టుకుంటే, మీ ఓటీపీ దొరికినా ఖాతాను వేరే ఫోన్‌లో తెరవలేరు. ‘లింక్‌డ్ డివైజెస్’లో మీకు తెలియని కంప్యూటర్ ఉంటే వెంటనే లాగౌట్ చేయండి.

కాల్ ఫార్వర్డింగ్: *#21# డయల్ చేస్తే మీ కాల్స్ ఎక్కడికైనా మళ్లుతున్నాయేమో తెలుస్తుంది. తెలియని నంబర్ కనిపిస్తే ##002# డయల్ చేస్తే అన్నీ రద్దవుతాయి.

ఏపీకే ఫైల్ పొరపాటున ఎక్కించుకుంటే వెంటనే ఇంటర్నెట్ ఆపేసి, ఆ యాప్ తీసేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు కాల్ చేసి ఖాతాను బ్లాక్ చేయించాలి.

డబ్బులు పోయాయా? మొదటి గంటే కీలకం

వెంటనే 1930కి కాల్ చేయండి. కేంద్ర హోంశాఖ కింద నడిచే ఈ హెల్ప్‌లైన్ దేశమంతా ఒక్కటే. మీ బ్యాంకు, ఖాతా నంబర్, పోయిన మొత్తం, తేదీ, టైమ్, ట్రాన్సాక్షన్ ఐడీ దగ్గర పెట్టుకోండి. యూపీఐలో పంపి ఉంటే 12 అంకెల యూటీఆర్ నంబర్ యాప్ హిస్టరీలోనే ఉంటుంది.

మీ ఫిర్యాదు నమోదు కాగానే, డబ్బు వెళ్లిన బ్యాంకుకు ఆన్‌లైన్‌లో సమాచారం వెళ్తుంది. డబ్బు ఇంకా అక్కడే ఉంటే నిలిపేస్తారు. అప్పటికే వేరే ఖాతాకు వెళ్లిపోతే ఆ బ్యాంకుకు సమాచారం వెళ్తుంది. ముఠాలు డబ్బును ఒక ఖాతా నుంచి పది ఖాతాలకు చీల్చి ఏటీఎంలలో తీసేసుకోవడమో, క్రిప్టోలోకి మార్చడమో చేస్తాయి. అందుకే ఇక్కడ ప్రతి నిమిషం విలువైందే. ‘రేపు పొద్దున వెళ్లి అడుగుదాం’ అనుకుంటే ఆలస్యం అయిపోతుంది.

1930కి చెప్పాక 24 గంటల్లోగా సైబర్ క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో పూర్తి ఫిర్యాదు ఇవ్వాలి. రసీదు నంబర్ దాచుకోండి. బ్యాంకుకు కూడా విడిగా రాతపూర్వకంగా తెలియజేయండి.

డబ్బు తిరిగి వస్తుందా?

ఖాతాల్లో నిలిపేసిన డబ్బును కోర్టు ఆదేశంతో బాధితులకు ఇస్తారు. తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో 2024 నుంచి లోక్ అదాలత్‌ల ద్వారా ఇలాంటి డబ్బును తిరిగి ఇప్పిస్తోంది. కాబట్టి ఫిర్యాదు ఇచ్చి ఊరుకోకుండా, ఎంత మొత్తం నిలిపేశారో పోలీసులను అడిగి తెలుసుకోవాలి.

బ్యాంకు బాధ్యత విషయానికొస్తే, ఆర్బీఐ 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్ ఉంది. మీ తప్పు, బ్యాంకు తప్పు ఏదీ లేకుండా మూడో వ్యక్తి వల్ల డబ్బు పోయి, సమాచారం అందిన మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెప్తే మీకు నష్టం ఉండదు. అదే ఓటీపీ, పిన్ మీరే చెప్పి ఉంటే, బ్యాంకుకు ఫిర్యాదు చేసేదాకా పోయింది మీ నష్టమే. ఫిర్యాదు చేశాక పోయింది మాత్రం బ్యాంకే భరించాలి. అంటే తప్పు మీ వైపు ఉన్నా సరే, త్వరగా చెప్పడం వల్లే లాభం. బ్యాంకు 30 రోజుల్లో స్పందించకపోతే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. సమాచారం కోసం 14448కు కాల్ చేయాలి.

ఒక హెచ్చరిక! ‘పోయిన డబ్బు రప్పిస్తాం, ఫీజు కట్టండి’ అంటూ బాధితులకు మళ్లీ కాల్స్ వస్తుంటాయి. అది రెండో మోసం.

డబ్బులు పోకపోయినా చెప్పాలా?

చెప్పాలి. టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్, యాప్‌లో ‘చక్షు’ అనే విభాగం ఉంది. 2024 మార్చిలో మొదలైంది. అనుమానాస్పద కాల్స్, మెసేజ్‌లు, వాట్సాప్ కాల్స్‌పై అక్కడ ఫిర్యాదు చేయొచ్చు. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కూడా అదే పోర్టల్‌లో చూసుకోవచ్చు. మీకు తెలియని నంబర్ ఉంటే అక్కడే రిపోర్ట్ చేయండి. డిజిటల్ అరెస్ట్‌కు వాడిన 83,668 వాట్సాప్ ఖాతాలను, 3,962 స్కైప్ ఐడీలను గుర్తించి బ్లాక్ చేశామని కేంద్రం పార్లమెంటులో చెప్పింది. మీరిచ్చే ఒక్క ఫిర్యాదు ఇంకొకరి డబ్బును కాపాడొచ్చు.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇలా చేయండి

పిల్లలు హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో.. అమ్మానాన్నలు ఊళ్లో ఒంటరిగా. ఇలాంటి ఇళ్లే మోసగాళ్లకు సులువు.

* పైన చెప్పిన సెట్టింగ్స్ వాళ్ల ఫోన్‌లో మీరే చేసి పెట్టండి.
* ఇంటివాళ్లకు మాత్రమే తెలిసిన ఒక మాట అనుకోండి. ఆపదలో ఉన్నానని ఎవరు కాల్ చేసినా ముందు ఆ మాట అడగాలి. గొంతును కాపీ కొట్టగలరు కానీ ఆ మాట వాళ్లకు తెలియదు.
* యూపీఐ, నెట్ బ్యాంకింగ్ రోజువారీ పరిమితి తగ్గించండి. ఎఫ్‌డీలను ఆన్‌లైన్‌లో రద్దు చేసే వీలు లేకుండా పెట్టగలరేమో బ్యాంకును అడగండి.
* బ్యాంకుకు వెళ్లి హడావిడిగా పెద్ద మొత్తం పంపమంటే, అక్కడి సిబ్బంది కారణం అడుగుతారు. వాళ్లకు నిజం చెప్పమనండి.
* ముఖ్యంగా ఈ ఒక్క మాట చెప్పండి: ‘ఎవరు బెదిరించినా ఫోన్ పెట్టేసి నాకు చేయండి. డబ్బులు పోయినా నేను ఏమీ అనను.’ తిడతారనే భయంతోనే చాలామంది 1930కి చేయాల్సిన ఆ మొదటి గంటను పోగొట్టుకుంటున్నారు.

ఈ నంబర్లు సేవ్ చేసుకోండి

* డబ్బులు పోతే, సైబర్ నేరం జరిగితే: 1930
* పోలీసుల అత్యవసర సాయం: 112
* బ్యాంకులపై ఫిర్యాదుల సమాచారం: 14448